రైసుమిల్లు మీద తోకచుక్క

ఈస్టర్ మర్నాడు చీకటి పడగానే మా బావమరిది బెన్నీతో పాడుబడ్డ రైసుమిల్లు దగ్గరికి వెళ్లాను. అది తొంభై ఏడో సంవత్సరం. వాయవ్యాన రోజూ తోకచుక్క కనిపిస్తోంది. గాలివానకు కప్పు లేచిపోయిన ఆ మిల్లు గోడ మీద తోకచుక్క నిలిచినట్టు ఫోటో తీయాలని బెన్నీ పట్టుదల. హనుమాన్ జంక్షన్‌లో స్టూడియో అతనిది. ఫోటోలో తను పడకుండా నల్లబట్టలు వేసుకొచ్చాడు.

పని దారిలోనే చెప్పాడు. కెమెరాకు తగిలించిన తీగ చివర బొత్తాం నేను పది నిమిషాలు నొక్కి పట్టాలి. అంతసేపూ అతను గోడ వెంట తిరుగుతూ, సున్నం కొట్టినట్టు, టార్చి వెలుగు ఇటుకల మీద పూస్తాడు.

"కదలకుండా కూర్చోవడంలో మిమ్మల్ని మించినవాళ్లు లేరని అక్క చెబుతుంది గదండీ బావగారూ," అన్నాడు.

మిల్లు చుట్టూ రొయ్యల చెరువులు. ఆ నెలలో రెండుసార్లు దొంగలు పడ్డారనీ, కాపలావాళ్లు ముందు కొట్టి తర్వాత అడుగుతున్నారనీ టీకొట్టు దగ్గర విన్నాం. వాళ్లకో మాట చెప్పి వద్దామన్నాను. చెబితే లైట్లు వేసుకుని చూడటానికి వస్తారు, ఫోటో పోతుందని బెన్నీ ఒప్పుకోలేదు.

బొత్తాం నొక్కి నాలుగైదు నిమిషాలై ఉంటుంది. చెరువు గట్టు మీద ఇద్దరు మనుషులు కనిపించారు. దీపం లేదు. చేతుల్లో కర్రలు. వంగి, చప్పుడు చేయకుండా, టార్చి కదులుతున్న వైపు వెళుతున్నారు. బెన్నీ గోడవైపు తిరిగి ఉన్నాడు.

అరవాలి. నోరు తెరిచాను, గొంతు పెగల్లేదు. భయమేస్తే కళ్లు మూసుకుని ప్రభువును పిలవడం నాకు చిన్నప్పటి అలవాటు. అప్పుడూ అదే చేశాను. స్తోత్రంతో మొదలుపెట్టి, రోజూ చేసే క్రమంలోనే, ఏదీ వదలకుండా ప్రార్థన చేశాను. నా భార్య జీవరత్నానికి ఉన్నది ఒక్కడే తమ్ముడు, కాపాడమన్నాను. గడ్డిలో అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. నా బొటనవేలు బొత్తాం మీదే ఉంది.

ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి వాళ్లు బెన్నీ వెనకే ఉన్నారు. మావాడండీ, దొంగ కాదండీ అన్న నా కేకా, కర్ర దెబ్బా ఇంచుమించు ఒకేసారి వినిపించాయి.

కేకకు బెన్నీ పక్కకు తిరగడంతో తలకు తగలాల్సిన దెబ్బ భుజానికి తగిలింది. పెద్ద కాపలాదారు రత్తయ్య కిందపడ్డ టార్చి తీసి అతని ముఖం చూశాడు. తన కూతురి పెళ్లికి ఫోటోలు తీసినవాడే. కర్ర పారేసి నేలమీద కూలబడ్డాడు.

"ఒక్క కేక ముందేసుంటే ఆగిపోయేవాళ్లం గదండీ," అన్నాడు నాతో.

విజయవాడ ఆస్పత్రిలో ఎముక సరిచేసి కట్టు కట్టారు. ఇదంతా ప్రార్థన బలమేననీ, ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పి తీరాలనీ జీవరత్నం పట్టుబట్టింది. కాదనలేకపోయాను. వారమంతా నాకు అన్నం సహించలేదు. ప్రాణం మిగిలింది ఆయన కృపే, నమ్ముతాను. మరి కేక వేయడానికి నాకు గొంతు ఇచ్చింది ఎవరు?

ఆదివారం అందరి ముందూ నిలబడ్డాను.

"కేక వేయాల్సినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను," అన్నాను.

ఎవరూ హల్లెలూయ అనలేదు. జీవరత్నం తల దించుకుంది. వెనక వరసలో భుజానికి కట్టుతో కూర్చున్న బెన్నీ మాత్రం నా ముఖంలోకే చూస్తున్నాడు.