ఇంకొక్క కేక

తల మీద తువ్వాలు కప్పుకుని, పొగలు కక్కుతున్న గిన్నె మీదికి వంగి, కేకల బాబాయి ఆవిరి పట్టుకుంటున్నాడు. ముక్కుతో పీల్చి నోటితో వదలడం, నోటితో పీల్చి ముక్కుతో వదలడం. మెడ మీదుగా చెమట కారి బనీను తడిసింది. పొయ్యి గట్టును ఆనుకునే మంచం. మంచం మీద అతని భార్య చూపు లేని కళ్లను ఆ ఊపిరి చప్పుడు వైపు తిప్పి పడుకుంది. కాళ్లూ చేతులూ ఉబ్బి ఉన్నాయి. బరువుగా ఉందని దుప్పటి పక్కకు తోసేసింది.

"అయిందాండీ?" అంది.

తువ్వాలు కింద బాబాయి తలూపాడు. ఊపిన తరవాత గానీ అది ఆమెకు కనపడదని గుర్తు రాలేదు. ఆమె చూపు పోయి ఏడాది దాటింది. ఆ తలకాయకు మాత్రం ఇంకా బుద్ధి రాలేదు.

"ఆఁ" అన్నాడు ఆలస్యంగా.

"హమ్మయ్య. ఇవాళ్టికి ఒక అక్షరం దక్కింది నాకు," అందామె.

సినిమాల్లో, అందులోనూ పిల్లలు చూసే బొమ్మల సినిమాల్లో, మాటలు చెప్పేవాళ్లు వేరు, కేకలు వేసేవాళ్లు వేరు. హీరో విసిరేస్తే గోడకు అతుక్కుపోయేవాడు, మేడ మీది నుంచి నీళ్ల తొట్టిలో పడేవాడు, తోకకు నిప్పంటుకుని పరిగెత్తేవాడు, వీళ్లందరికీ గొంతు బాబాయిదే. తెర మీద ఇన్నేళ్లలో అతను పోయినన్ని సార్లు ఎవరూ పోయి ఉండరు. ఒక్కసారి కూడా అతని పేరు తెర మీద పడలేదు. డబ్బింగ్ థియేటర్లో పనిచేసేవాళ్లకు కూడా అతని అసలు పేరు తెలియదు. కేకల బాబాయి అంటే చాలు.

పని నేర్పిన ముసలాయన చేరిన కొత్తలోనే చెప్పాడు, గొంతు పాడి ఆవులాంటిది, ఊరికే పిండకూడదని. బాబాయి ఆ మాట అక్షరాలా పట్టుకున్నాడు. పెళ్లయిన నెల నుంచే ఇంట్లో మాట మానేశాడు. గుసగుసలు కూడా లేవు. గుసగుస గొంతును మరీ పాడు చేస్తుందని ఆ వృత్తిలో అందరికీ తెలుసు. కోపం వచ్చినా సైగే, ప్రేమ వచ్చినా సైగే. చెవి తమ్మె పట్టుకుంటే కూరలో ఉప్పెక్కువైందని అర్థం. నుదురు రుద్దుకుంటే మీ అక్క వస్తోందని. ఎడమ కనుబొమ్మ ఎగరేస్తే ఇవాళ బాగున్నావని. ఆమె అవన్నీ నేర్చుకుంది. ఇరుగుపొరుగుతో మాత్రం, "మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, ఆ లెక్కన మా ఆయన ముప్పయ్యేళ్లుగా నేనన్న ప్రతిదానికీ ఒప్పుకుంటూనే ఉన్నారు," అని నవ్వేది. ఆ నవ్వులో ఎంత నవ్వు ఉండేదో బాబాయి ఎప్పుడూ తరచి చూడలేదు.

షుగరు ముందు ఆమె కళ్లు తీసుకుంది. సైగలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. అప్పుడు బాబాయి ఆమె అరచేతిలో వేలితో రాయడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లు బాగానే సాగింది. తరవాత చేతుల్లో స్పర్శ పోయింది. రాస్తున్నాడో లేదో కూడా ఆమెకు తెలిసేది కాదు. ఇక మిగిలింది గొంతే. "మందు", "లే", "అన్నం", ఇలా ముక్కలు ముక్కలుగా అనేవాడు. పిసినారితనం ఒక్కటే కాదు, ముప్పయ్యేళ్లు మాట్లాడని మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ తరవాత కిడ్నీలు కూడా పోయాయి. ఇంటికి తీసుకెళ్లి ఉన్నన్నాళ్లు సుఖంగా చూసుకోమన్నాడు డాక్టరు. ఆ మాట ఆమె ముందే అన్నాడు. చూపు లేనివాళ్లకు చెవులు కూడా ఉండవనుకున్నాడేమో.

బాబాయి చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆమె పిలిచింది.

"ఏమండీ, ఒకటి అడుగుతాను, కాదనకండి."

అతను దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఇవాళ సాయంత్రం నాతో మాట్లాడండి. పొడి మాటలు కాదు. కూర్చుని, తీరిగ్గా. నాకేం పెద్ద విషయాలు అక్కర్లేదు. బస్సులో ఎవరెక్కారు, ఎవరు దిగారు, అదే చెప్పండి. మీ గొంతు ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలీనే తెలీదండీ. చీకట్లో పడుకుని ఉంటే అదొక్కటే కావాలనిపిస్తోంది."

బాబాయి పెట్టుకోబోయిన గుండీ వదిలేశాడు.

"ఇవాళ చిన్న పనే," అన్నాడు. "గొంతు దాచుకొస్తాను. మాట్లాడతాను."

"మాటిచ్చినట్టేనా?"

"ఇచ్చాను."

ఆమె అక్క, అదే వీధిలో ఉంటుంది, పగలంతా చెల్లెల్ని చూసుకోవడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. "మరిదిగారు ఇంత పొడుగు మాట్లాడటం పెళ్లిలో కూడా వినలేదమ్మా," అంది. మనిషి నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. బాబాయి అలవాటుగా నుదురు రుద్దుకున్నాడు. చూసి మురవాల్సిన మనిషి చూడలేదు.

బస్సులో కండక్టరు రోజూ వచ్చేవాడే. బాబాయి పాపం మూగవాడని ఎప్పుడో తేల్చేసుకుని వికలాంగుల సీటు చూపిస్తాడు. బాబాయి కూడా ఏనాడూ కాదనలేదు. ఆ సీట్లో కూర్చుని ఇవాళ మొదటిసారి చుట్టూ శ్రద్ధగా చూశాడు. సాయంత్రానికి సరుకు కావాలి కదా. ఒకాయన నిలువుటద్దం పట్టుకుని బస్సెక్కాడు. అద్దం ఎవరి ముందుకొస్తే వాళ్లు జుట్టు సర్దుకున్నారు. ఒక లావుపాటావిడ నిద్రలో పక్కవాడి భుజం మీద వాలిపోతే, వాడు దిగాల్సిన చోటు దాటిపోయినా కదలకుండా కూర్చున్నాడు. బాబాయి ఇవన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాడు. అద్దం సంగతి ముందు చెప్పాలి, నవ్వుతుంది అనుకున్నాడు. అలా అనుకోవడంలోనే అతనికి చెప్పలేనంత సంతోషం కలిగింది. ఈ పని ఇన్నేళ్లూ ఎందుకు చేయలేదా అని సిగ్గు కూడా వేసింది.

డబ్బింగ్ గదిలో గోడలకు బూడిదరంగు దూది పలకలు, మధ్యలో మైకు, మైకు ముందు ఊపిరి తగలకుండా చిన్న గుడ్డ తెర. బాబాయి చెప్పులు బయట విడిచాడు. గడియారం తీసి, తాళాలు తీసి, లవంగం బుగ్గన పెట్టుకుని నిలబడ్డాడు. సినిమా మహావీరుల కుటుంబం కథ. తల్లి బస్సుల్ని ఎత్తి పక్కన పెడుతుంది. తండ్రికి కోపం వస్తే తేలికైపోయి ఇంటి కప్పుకు అతుక్కుంటాడు. నాయనమ్మ గురక పెడితే కిటికీలు పగులుతాయి. ఊళ్లో తనను ఎవరూ తరమకుండా ఉండాలని విలన్ అందరి ఎడమకాలి చెప్పులూ ఎత్తుకుపోతాడు. మహావీరులంతా ఒంటికాలి మీద గెంతుతూ వాణ్ని పట్టుకోవాలి.

బాబాయి వంతుకు వచ్చింది విలన్ మనుషుల దెబ్బలు. పొట్ట మీద దిండు పెట్టుకుని పిడికిలితో గుద్దుకుంటూ "హుఫ్", "అబ్బ", "ఓయ్ ఓయ్" అన్నీ ఇచ్చేశాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. గొంతు చెక్కుచెదరలేదు. చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే డైరెక్టరు తలుపు తీశాడు.

"బాబాయ్, ఒక్క నిమిషం. విలన్ కేక ఒకటుంది. చివర గోపురం మీంచి చెప్పుల గుట్టలో పడతాడే, అది."

విలన్‌కు మాటలు చెప్పింది పెద్ద నటుడు. నిన్న వచ్చి మాటలన్నీ దివ్యంగా చెప్పాడట. కేక దగ్గరికి వచ్చేసరికి, ఎవరో కాలు తొక్కితే మర్యాదస్తుడు అన్నట్టు ఒక "అబ్బా" అని వెళ్లిపోయాడట.

"రేపు చేయనా?" అన్నాడు బాబాయి.

"రేపు కుదరదు బాబాయ్, ఇవాళ రీలు వెళ్లిపోవాలి. నీకు వీలు కాకపోతే చెప్పు, ఇంకెవరినైనా పిలుస్తాను. ఏం ఫరవాలేదు."

ఎవరూ బలవంతం చేయలేదు. ఈ సంగతి చెప్పి తీరాలి. డైరెక్టరు మంచివాడు, మనసులో ఏదీ పెట్టుకోకుండానే అన్నాడు. కాని విలన్ కేక! ఇన్నేళ్లూ గుంపులో ఒకడిగా పడ్డాడు. ఒక్కడిగా, కథ అంతా తన మీద నిలబడేలా, ఎప్పుడూ పడలేదు. ఇంకెవరినో పిలవడమన్న మాట బాబాయికి ముల్లులా గుచ్చుకుంది.

"వద్దు. నేనే చేస్తాను," అన్నాడు.

మళ్లీ చెప్పులు విడిచాడు. పడిపోయే కేకకు ఒక పద్ధతి ఉంది. తల ఎత్తి మొదలుపెట్టి, నడుము వంచుతూ, చివరికి మైకుకు వీపు తిప్పేయాలి. అప్పుడు మనిషి దూరంగా, కిందికి, వెళ్లిపోతున్నట్టు ఉంటుంది. బాబాయి కేక వేశాడు. గాజు గోడ అవతల డైరెక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. మిషన్ దగ్గర కూర్చున్న సౌండు అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ, "అదిరింది బాబాయిగారూ, ఇది చాలు," అంది.

వేసింది మళ్లీ వినిపించారు. బాబాయి తల వంచి విన్నాడు. బాగానే ఉంది. కాని అది నౌకరు పడిన కేక, యజమాని పడినది కాదు. ఆ తేడా ఎవరికీ తెలియదు, పిల్లలకు అసలే తెలియదు. తనకు తెలిసింది. సాయంత్రానికి దాచాల్సింది ఉందని కూడా తెలుసు. ఇంకొక్కటి వేసినా మిగులుతుందనుకున్నాడు. ఇన్నేళ్లు దాచినవాడికి ఆ మాత్రం అంచనా తప్పదనుకున్నాడు.

వేలు ఎత్తి చూపించాడు. ఇంకొక్కటి.

"ఎందుకు బాబాయ్, వచ్చేసిందిగా," అన్నాడు డైరెక్టరు. వేలు దిగలేదు.

రెండో కేక పొట్టలోంచి లేచి, పొగరుగా మొదలై, భయమై, ఏడుపై, అంత ఏడుపులోనూ నవ్వు తెప్పిస్తూ చాలాసేపు పడింది. మైకుకు వీపు తిప్పుతుండగా గొంతులో ఏదో పుటుక్కుమంది. గాజు అవతల అందరూ లేచి చప్పట్లు కొట్టారు. బాబాయి తిరిగి నమస్కారం పెట్టాడు. థాంక్స్ చెబుదామని నోరు తెరిస్తే గాలే వచ్చింది.

సౌండు అమ్మాయి కంగారు పడింది. బాబాయి ఏం లేదని చేయి ఊపి బయటపడ్డాడు. ఇంతకు ముందూ ఇలా ఒకటి రెండుసార్లు అయింది, కాసేపటికి గొంతు తిరిగొచ్చింది. బస్టాపులో కూర్చుని లవంగాలు నమిలాడు. ఒక బస్సు వదిలేశాడు. ఇంకోటి వదిలేశాడు. చుట్టూ ఎవరూ లేనప్పుడు భార్యను పిలుచుకునే మాట పలికి చూశాడు. "ఏమే." రాలేదు. గొంతు లేకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? ఇంకాస్త ఆగితే వస్తుంది. అలా ఆగాడు. ఎదురుగా కొట్లలో దీపాలు వెలిగాయి. అప్పటికి భయం వేసి, వచ్చిన బస్సు ఎక్కాడు. కండక్టరు జాలిగా అదే సీటు చూపించాడు.

వదిన గుమ్మంలోనే ఎదురైంది. "ఇంతసేపా మరిదిగారూ? మధ్యాహ్నం నుంచి ఆయాసం. డాక్టరుకు ఫోన్ చేశాను, ఆస్పత్రికి తెచ్చి మాత్రం చేసేదేం లేదన్నాడు. మీరు వచ్చారా అని ఒకటే అడగడం."

బాబాయి తన గొంతు చూపించి చేతులు తిప్పాడు. వదిన మొహంలో కోపం వచ్చింది, అంతలోనే జాలి వచ్చింది. పక్కకు తప్పుకుంది.

మంచం పక్కన కుర్చీ వేసి ఉంది. బాబాయి అందులో కూర్చుని భార్య చేయి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమెకు ఆ సంగతి తెలియలేదు.

"ఎవరక్కా?" అంది.

"ఇంకెవరే, మీ ఆయనే. ఇదిగో, నీ పక్కనే కూర్చున్నాడు."

"ఏమండీ?"

బాబాయి నోరు తెరిచాడు. ఉన్న బలమంతా పెట్టాడు. మెడ నరాలు పొంగాయి. సన్నటి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆమె కాసేపు చెవి ఒగ్గి ఎదురు చూసింది. తరవాత చిన్నగా నవ్వింది.

"ఎందుకక్కా అబద్ధాలు? నా ధైర్యం కోసం చెబుతున్నావు కదూ. వచ్చుంటే మాట్లాడేవారు. పొద్దున మాటిచ్చారు."

"అమ్మతోడు వచ్చాడే! పాపం గొంతు పోయిందే అతనికి!" వదిన ఏడుస్తూ అరిచింది.

"ఫరవాలేదులే. వస్తారు," అంది ఆమె, అక్కను ఓదారుస్తున్నట్టు. మొహం గుమ్మం వైపు తిప్పుకుంది. బాబాయి ఆమె నుదురు నిమిరితే, అక్కే అనుకుని, "ఊరుకో అక్కా," అంది.

బాబాయి ఆ చేతిని చెంపకు ఆనించుకున్నాడు, పెదవులకు ఆనించుకున్నాడు, పిచ్చివాడిలా ఆ అరచేతిలో రాశాడు. అద్దం గురించి రాశాడు, నిద్రపోయిన ఆవిడ గురించి రాశాడు, తప్పయిపోయిందని రాశాడు. ఆమె చూపు లేని కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. వీధిలో ఎవరి అడుగుల చప్పుడైనా వినపడితే కనుబొమ్మలు కాస్త లేచేవి. ఒక అడుగుల చప్పుడు వచ్చి, గుమ్మం దాటి ముందుకు వెళ్లిపోయింది. ఆ తరవాత వచ్చిన చప్పుడుకు కనుబొమ్మలు లేవలేదు.

వదిన చెల్లెలి కళ్లు మూసి, చీర కొంగుతో నోరు నొక్కుకుని గోడవారగా కూలబడింది. బాబాయి కుర్చీలోంచి లేవలేదు. ఏడుపు వచ్చింది. దానికి కూడా చప్పుడు లేదు.

చాలాసేపటికి వదిన, మంచం తల దగ్గరున్న స్టూలు వైపు చూపించింది. "అది నాతో సాయంత్రమే పెట్టించింది మరిదిగారూ. అంతసేపు మాట్లాడి ఆయనకు అలవాటు లేదు, మధ్యలో గొంతు ఎండిపోతుంది అని."

స్టూలు మీద, దుమ్ము పడకుండా చిన్న పళ్లెం మూత వేసిన గ్లాసులో గోరువెచ్చగా పెట్టిన మంచినీళ్లు చల్లారిపోయి ఉన్నాయి.