రైట్ కొట్టిందెవరు

డ్రైవరు రిటైరయ్యాడన్న సంగతి వీధిలో అందరికీ తెలుసు, ఒక్క డ్రైవరుకి తప్ప.

ముప్ఫై ఏళ్ళు ఆరో నంబరు బస్సు నడిపిన మనిషి. ఆఖరి రోజున డిపోలో చేతిలో ఓ గోడ గడియారం పెట్టి, చప్పట్లు కొట్టి పంపించారు. ఆయన ఆ గడియారాన్ని బుద్ధిగా గోడకి తగిలించి, మర్నాడు నాలుగున్నరకే లేచి, గడ్డం గీసుకుని, బూట్లు వేసుకుని హాల్లో కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే. చూసి చూసి భార్యకి విసుగొచ్చింది. ఇంకో నెల ఇలాగే సాగితే ఏమయ్యేదో గానీ, ఈలోపు ఆయన ఎక్కడినుంచో ఓ పాత స్కూలు వ్యాను కొనుక్కొచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు.

భార్య కూడా తక్కువది కాదు. అదే ఆరో నంబరు బస్సుకి కండక్టరుగా చేసి, ఆయనతో పాటే రిటైరైంది. వీధి వీధంతా ఆవిణ్ణి ఇప్పటికీ కండక్టరమ్మ అనే పిలుస్తుంది. పెళ్ళికి ముందు మూడేళ్ళు, పెళ్ళయ్యాక ఇరవయ్యేడేళ్ళు ఇద్దరూ ఒకే బండి మీద డ్యూటీ చేశారు. అంటే రోజంతా పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకున్నారనుకునేరు. ఆయన ముందు, ఆవిడ వెనక, మధ్యలో అరవై మంది జనం. ఒకరి మొహం ఒకరికి కనపడేది డ్రైవరు తల మీదున్న అద్దంలోనే, అదీ నిలబడ్డవాళ్ళు దయతలిచి పక్కకి జరిగితే. మాటలా, అసలే లేవు. ఆవిడ బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే ‘రైట్’, బయల్దేరమని. ఒక్క దెబ్బ వేస్తే ఆపమని. వాళ్ళ కాపురంలో సగం మాటలు ఈ మూడు దెబ్బల్లోనే గడిచిపోయాయి.

వ్యానులోపల ఆయన ఆరు నెలలు కష్టపడి మడత మంచం బిగించాడు, రెండు పొయ్యిల స్టవ్వు పెట్టాడు, నీళ్ళ డ్రమ్ముకి కుళాయి తగిలించాడు. కిటికీలకి కర్టెన్లు ఆవిడ కుట్టింది. బండి ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య కూడా ఓ కర్టెను వేలాడదీశారు. వెనకాల, తలుపు పక్కన, రేకు గోడకి ఆనుకుని ఓ సీటు. అది ఆవిడది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మొదటి రోజునే ఆవిడ పోయి అందులో కూర్చుంది, ఆయన పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు, ఆవిడ రేకు మీద రెండు దెబ్బలు వేసింది, బండి కదిలింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. డ్రైవరు పక్క సీటు మీదికి టూల్ బాక్సు, జాకీ, తాడు, టీ ఫ్లాస్కు, పాత మ్యాపులు చేరి, అక్కడే స్థిరపడిపోయాయి.

మూడో ప్రాణి స్టెప్నీ. వ్యాను కొన్న షెడ్డులో స్పేరు టైరు మధ్యలో చుట్టచుట్టుకుని పడుకుని, టైరుతో పాటే ఇంటికొచ్చిన కుక్క. ఆ పేరు అందుకే. ఇంత బద్ధకం కుక్క ఎక్కడా ఉండదు. ఎంత సంతోషం వచ్చినా తోక రెండే రెండుసార్లు ఆడించి, ఇక చాల్లే అన్నట్టు ఊరుకునేది. బండిలో కూడా దాని చోటు ఆ టైరే.

సరే, ఇంత వైభోగం ఉంటే ఇక గొడవేమిటంటారా? గొడవంతా డ్రైవరు గారి షెడ్యూలు. షికారుకి వెళ్ళినా ఆయన గంట చూసుకునే బయల్దేరతాడు. కొండ మీద మంచు పట్టిందని ఆవిడ కిటికీలోంచి మైమరిచి చూస్తుంటే, ‘బండి పది నిమిషాలే ఆగుతుంది’ అంటాడు. మొదటి ట్రిప్పులో పైకప్పు కారి మంచం తడిసింది. రెండో ట్రిప్పులో బురదలో దిగబడితే ఆవిడ వెనక నించుని, రానీ రానీ అంటూ గంటసేపు అరిచి గొంతు పోగొట్టుకుంది. ఇంటికొచ్చి వేడినీళ్ళు పుక్కిలిస్తూ, రిటైరైంది మీరొక్కరే, నేనింకా డ్యూటీలోనే ఉన్నాను అంది. ఆయన నవ్వాడు. అది నవ్వే మాట కాదని ఆయనకి తట్టలేదు. మగాళ్ళకి కొన్ని మాటలు చెవిదాకా వస్తాయి, లోపలికి పోవు.

ఆ వారమే వీధి చివర పళ్ళ డాక్టరు వచ్చి, బండి మాకు అమ్మేస్తారా, మా పిల్లలు ముచ్చటపడుతున్నారు అని అడిగాడు. డ్రైవరు అడ్డంగా తలూపేలోపు కండక్టరమ్మ నిలువుగా ఊపేసింది. డ్రైవరుకి రెండు రోజులు అన్నం సయించలేదు. బతిమాలాడు, అలిగాడు, మళ్ళీ బతిమాలాడు. ఆఖరికి ఆవిడ ఓ మెట్టు దిగి షరతు పెట్టింది. ఇంకొక్క ట్రిప్పు. ఇల్లు కదిలిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా ఒక్క పొరపాటూ జరక్కపోతే బండి ఉంచుకుందాం. ఒక్కటి జరిగిందా, ఆదివారం తాళాలు పళ్ళ డాక్టరు చేతిలో.

ఇక చూడండి ఆయన అవస్థ. చెరువు గట్టు మీద రెండు రోజులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని గడిపాడు. గడియారం వైపు చూడకుండా ఉండటానికి వాచీ విప్పి టూల్ బాక్సులో పడేశాడు. ఆమ్లెట్టు తనే వేశాడు, గిన్నెలు తనే కడిగాడు. ఆవిడ ఎనిమిదింటిదాకా నిద్రపోతే ఊపిరి కూడా మెల్లగా పీల్చుకున్నాడు. ఎక్కడా వంక దొరకలేదు. శనివారం పొద్దున తిరుగుప్రయాణం మొదలుపెట్టేసరికి ఆయనకి లోలోపల ఈల వేయాలనిపిస్తోంది.

సగం దారిలో రోడ్డు పక్కన ఓ చిన్న కొట్టు. టీ, కేకులు అమ్ముతారు, బయట కుళాయి ఉంది. కండక్టరమ్మ కిందకి దిగి, కుక్క బయటికి దూకకుండా తలుపు మూసి, నీళ్ళ సీసాలు పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళేముందు కొట్టులో రెండు స్పాంజి కేకులు కొని, కిటికీలోంచి తన సీటు పక్కనున్న బల్ల మీద పెట్టింది.

డ్రైవరు సీటులో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఇంటికి ఇంకెంత, రెండు గంటలు. ఆ రెండు గంటలూ గట్టెక్కితే బండి తనది.

డబ్. డబ్.

చెవిన పడటమే తడవు, చెయ్యి గేరు మీద పడింది, కాలు క్లచ్చు మీద పడింది. బండి కదిలిపోయింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి. ఆ రెండు దెబ్బలకీ ఆయన కాళ్ళకీ మధ్య మెదడు ప్రమేయం ఎప్పుడూ లేదు.

వెనక చప్పుడు లేదు. కర్టెను వేసి ఉంది. మధ్యాహ్నం పూట ఆవిడ ఓ కునుకు తీస్తుందని తెలుసు కాబట్టి ఆయన ఆవిడ నిద్ర చెడగొట్టదలుచుకోలేదు. గుంటలన్నీ తప్పించుకుంటూ, మలుపుల్లో పసిపాపని ఎత్తుకున్నట్టు బండిని తిప్పుకుంటూ ముప్పావుగంట నడిపాడు. తన డ్రైవింగుకి తనకే ముచ్చటేసింది. ఇంత హాయిగా నడిపితే ఏ ఆడదాని మనసు కరగదు? మెల్లగా కర్టెను వైపు తిరిగి, నిద్రపోయే మనిషికి చెప్పే మాటలే కదా అన్న ధైర్యంతో మనసులో మాట చెప్పేశాడు.

“నాకు బండి మీద పిచ్చి కాదే. నువ్వు వెనకుండి రైట్ కొడితే గానీ నాకు ఎటూ కదలబుద్ధి కాదు. ఇంట్లో కుర్చీలో కూర్చుంటే నాకెవరు కొడతారు రైట్?”

వెనక నుంచి జవాబొచ్చింది. డబ్. డబ్.

ఆయన మొదట మురిసిపోయాడు. తర్వాత నుదుటి మీద చెమట పట్టింది. నడుస్తున్న బండికి రైట్ కొట్టే కండక్టరు ఈ భూమ్మీద ఉండరు. ఆగిన బండికే కొడతారు. అందులోనూ ఆవిడ, డ్యూటీలో ఒక్క దెబ్బ ఎక్కువ వేసి ఎరగదు.

బండి పక్కకి తీసి ఆపి, కర్టెను లాగాడు. ఆవిడ సీటులో స్టెప్నీ దర్జాగా కూర్చుని ఉంది. మూతి నిండా కేకు పొడి. రెండో కేకు కూడా అప్పుడే అయిపోయింది. ఆయన్ని చూసి, తోకతో రేకు మీద ఇంకో రెండు వేసింది. చార్జింగుకి పెట్టిన ఆవిడ ఫోను, ఆవిడ కళ్ళజోడు, ఆవిడ శాలువా అన్నీ భద్రంగా ఉన్నాయి. ఆవిడ తప్ప.

డ్రైవరుకి బండి సంగతి కాసేపు గుర్తే రాలేదు పాపం. కళ్ళజోడు లేకుండా రోడ్డు దాటిందేమో, ఎవరినైనా ఏమని అడుగుతుంది, ఎండలో నిలబడిందేమో, ఇవే ఆలోచనలు. బండి తిప్పాడు. ఇందాక తప్పించుకున్న గుంటలన్నిట్లోనూ పడుతూ లేస్తూ వెళ్ళాడు. ముందు ఓ ఇసుక లారీ దారివ్వకుండా పాకుతుంటే, జీవితంలో మొదటిసారి హారను మీద చెయ్యి తియ్యలేదు. సగం దూరం వెళ్ళాక పళ్ళ డాక్టరు గుర్తొచ్చాడు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాడు. ఇది మంచం తడవటమా, బురదలో దిగబడటమా? సాక్షాత్తూ భార్యనే రోడ్డు మీద వదిలేసి పోయాడు.

కొట్టు కనపడింది. కండక్టరమ్మ చెట్టు నీడన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళు ఇంకో కుర్చీ మీద చాపుకుంది. చేతిలో టీ గ్లాసు.

ఆయన ఆవిడ దగ్గరికి పోలేక ముందు కొట్టు యజమానురాలి దగ్గరికి పోయి నీళ్ళు నమిలాడు. కొట్టావిడ ఈయన్ని ఎగాదిగా చూసి, మీ ఊరి మీదుగా పోయే బస్సులు రెండు వచ్చాయనీ, ఎక్కించి పంపిస్తానంటే ఈవిడ వినలేదనీ చెప్పింది. ఫోనిస్తానన్నా వద్దందట. మా బండి వస్తుంది, దిగిన చోటే నిలబడాలి అందట. ఆ మాట విన్నాక డ్రైవరుకి కళ్ళు చెమ్మగిల్లాయి. తప్పిపోయిన ప్రయాణికులకి ఆవిడ ముప్ఫై ఏళ్ళూ చెప్పిన మాటే అది.

వెళ్ళి ఎదురుగా నించున్నాడు. జేబులోంచి తాళాలు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

“మాట మాటే. రేపు డాక్టరుకి నువ్వే ఇచ్చెయ్యి.”

ఆవిడ తాళాల వైపు చూడలేదు. కోపం వచ్చినప్పుడు ఆయన్ని ఏమండీ అనదు, ఆ సంగతి ఆయనకి తెలుసు.

“డ్రైవరు గారూ, రైట్ ఎవరు కొట్టారు?”

ఆయన బండి కిటికీ వైపు వేలు చూపించాడు. స్టెప్నీ తన యజమానురాలిని చూసిన ఆనందంలో, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని, రేకు మీద డబ్ డబ్ మని వేసింది. కండక్టరమ్మ కాసేపు మూతి బిగబట్టుకుని చూసింది. తర్వాత టీ గ్లాసు కింద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. కుర్చీ కిర్రుమని ఊగేలా నవ్వింది. డ్రైవరు నవ్వాలో వద్దో తెలియక, సగం నవ్వి ఆపేశాడు.

నవ్వు తగ్గాక ఆవిడ చెప్పింది. మొదటి పావుగంట ఒళ్ళు మండిపోయిందట. వస్తే ఏమేం అనాలో వరసగా పేర్చుకుందట. ఆ తర్వాత, కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే, వెనక చూడాల్సిన పని లేదు, రానీ రానీ అని అరిచే పని లేదు, ఎవరి మంచీ చెడూ కనిపెట్టే పని లేదు.

“రిటైరవటమంటే ఇలా ఉంటుందని నాకు ఇవాళే తెలిసిందండీ.”

అండీ అంది. డ్రైవరు ఆ అండీని పట్టుకున్నాడు గానీ, ఈసారి దాని ముందున్న మాట కూడా లోపలికి పోయింది. రిటైరైంది మీరొక్కరే అని ఆవిడ ఆ రోజు పుక్కిలిస్తూ ఎందుకందో ఇప్పటికి తెలిసొచ్చింది. సిగ్గేసింది. తల దించుకుని, ఇన్నాళ్ళూ వెనకే కూర్చోబెట్టాను, ఒక్కసారీ అడగలేదు అన్నాడు.

ఆవిడ లేచి తాళాలు చేతిలోకి తీసుకుంది. ఇక వెనక ఎక్కేది లేదు అంది. ఆయన సరేనన్నట్టు తలూపాడు. బస్సులో వెళ్ళిపోతుంది కాబోలు అనుకున్నాడు. ఆవిడ తిన్నగా వ్యాను ముందు తలుపు దగ్గరికి పోయి, తీసి, లోపలున్న సామాను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఈ లగేజీ అంతా ఎవరిదండీ? ప్యాసింజరు కూర్చోవద్దా?”

ఆయనకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక జాకీ, తాడు, టూల్ బాక్సు, మ్యాపులు రెండు చేతులా ఎత్తి వెనక్కి మోశాడు. సీటు మీది దుమ్ము చొక్కా కొసతో తుడిచాడు. కండక్టరమ్మ ఎక్కి కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, పెద్ద అద్దంలోంచి ముందుకి చూసింది. ముప్ఫై ఏళ్ళూ రోడ్డు ఆవిడకి పక్క కిటికీల్లోంచి తప్పుకుపోవటమే తెలుసు. ఎదురుగా ఇంత వెడల్పుగా, తన కోసమే పరిచినట్టు పడుకుని ఉంటుందని తెలియదు. అదే మాట ఆయనతో అంది. మెల్లగా పోదాం, వాచీ ఆ పెట్టెలోనే ఉండనివ్వండి అని కూడా అంది.

“మరి డాక్టరుకి ఏం చెప్పను?”

“బండికి కొత్త కండక్టరు చేరిందని చెప్పండి.”

తాళం ఆయన చేతికిచ్చింది. ఆయన ఇంజను స్టార్టు చేసి, గేరు మీద చెయ్యి వేసి, అలాగే కూర్చుండిపోయాడు. ఆవిడ ఇంకా ఎందుకు ఆగారంది. ఆయన చెప్పలేక మొహమాటంగా నవ్వాడు. ఆవిడకి అర్థమైంది. కొట్టులో కొన్న బిస్కట్టు ఒకటి కర్టెను పక్కకి లాగి వెనక్కి చూపించింది.

డబ్.

ఇద్దరూ ఆగారు. స్టెప్నీ ఆలోచించింది.

డబ్.

బండి కదిలింది. అలవాటు కొద్దీ డ్రైవరు తల మీదున్న అద్దంలోకి చూశాడు. కుక్క కనపడింది. ఆవిడ కోసం ఇక అద్దంలో వెతకక్కర్లేదని గుర్తొచ్చి, తల పక్కకి తిప్పాడు.