వనిత మబ్బు కరీంనగర్ చూసిన రోజు

పొద్దున్నే వనిత చీపురు పట్టుకుని గడప దాటిందంటే, క్వార్టర్ కప్పు మీద పడుకున్న మబ్బు కూడా ఒళ్ళు విరుచుకుని లేచేది. ఆమె వాకిలి ఊడుస్తుంటే నెత్తి మీద నిలబడేది. నల్లా దగ్గరికి పోతే వెనకే పోయేది. పెద్ద మబ్బేం కాదు, నలుగురు పడుకునే చాపంత ఉంటుంది. వనిత పుట్టిన రోజున దవాఖానా కిటికీ దగ్గర కనిపించింది. అప్పటి నుంచి ఆమెను వదిలి ఎక్కడికీ పోలేదు.

శ్రీరాంపూర్ బొగ్గు గనుల పక్కన ఉన్న ఆ కాలనీలో ఆ మబ్బు అందరికీ అక్కరకొచ్చేదే. రోహిణి కార్తెలో అక్కడి ఎండను మాటల్లో చెప్పలేం. కింద బొగ్గు, పైన సూర్యుడు, నడుమ మనిషి. పక్క క్వార్టర్ గంగుబాయి బట్టలు ఉతికేటప్పుడు "వనితా, జర ఇటొచ్చి కూసో బిడ్డా" అని బతిమాలేది. అదే గంగుబాయి అప్పడాలు ఆరబెట్టిన రోజున "ఇంట్లకెళ్ళి బయటికొస్తె కాళ్ళిరగ్గొడ్త" అని బెదిరించేది. మధ్యాహ్నం వనిత తండ్రి కుమారస్వామికి సద్ది తీసుకుపోతే, ఆయనతో పాటు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్లు నడిపే డ్రైవర్లంతా గేటు బయట ఆ నీడలోనే చేరి తినేవారు. ఒక్కరోజు ఆమె ఆలస్యంగా వచ్చిందంటే అందరి ముఖాలూ మాడిపోయేవి.

అలాంటి పిల్లకు కరీంనగర్‌లో ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది. వనిత ఎగిరి గంతేసింది. తల్లి అనసూర్య మాత్రం నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంది.

"హాస్టల్ల మబ్బు పడ్తదా? గంత పెద్ద పట్నంల అది తొవ్వ తప్పితె నీ గతేంది? ఎండ తాకితె నువ్వు ఒక్క దినం గూడ దక్కవని మీ నాయినమ్మ చెప్పలే?"

నాయనమ్మ మాట నిజమో కాదో తేల్చుకునే అవకాశం ఎవరికీ రాలేదు. ఎందుకంటే మబ్బు ఏనాడూ సెలవు పెట్టలేదు. కుమారస్వామి కూడా భార్య మాటకే తలూపాడు. వనిత అలిగి అన్నం ముట్టలేదు. కాలేజీలో చేరే గడువు సోమవారంతో అయిపోతుందనగా, బిడ్డ ముఖం చూడలేక ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు.

"సీటు సంగతి ఇడ్సిపెట్టు బిడ్డా. ఐతారం అందరం కరీంనగర్ పోదాం. పార్కు, జింకలు, డ్యాము, తీగల వంతెన, అన్నీ చూపిస్త."

చదువుకోవడానికి పంపని ఊరిని చూపించడానికి తీసుకుపోతాననడం ఏం న్యాయమో ఆయనకే తెలియాలి. అయినా వనిత కోపం బస్సెక్కేదాకే. కిటికీ పక్కన కూర్చోగానే ఆమెకూ, ఆమె చెల్లెలు భూమికకూ సంతోషం పట్టలేక నోళ్ళు మూతపడలేదు. మబ్బును చూసి కండక్టర్ మాత్రం గట్టిగా చెప్పాడు.

"మబ్బు మీదేనా? టాపు మీదికి ఎక్కియ్యిండ్రి. లోపట కురిసిందంటె తుడుసుడు నాతోని కాదు."

గోదావరి వంతెన మీద అందరూ కిందికి చూశారు. నదిలో ఇసుక తప్ప ఏమీ లేదు. మబ్బు కూడా ఒకసారి తొంగి చూసి, ఇందులో చూసేదేముందన్నట్టు మళ్ళీ సర్దుకుని కూర్చుంది.

కరీంనగర్ బస్టాండులో దిగగానే ఆటో నడిపే లక్ష్మీరాజం ఎదురొచ్చాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు, నవ్వాడు.

"అన్నా, గీ మబ్బుంటె నాది ఏసీ ఆటో అయితది. రోజంత మీతోనే తిరుగుత, ఎక్కుండ్రి!"

ఉజ్వల పార్కులో భూమిక ఎక్కని ఊయల లేదు, జారని జారుడుబండ లేదు. వనిత కూడా ఊయల వైపు పరుగెత్తింది గానీ, అప్పటికే చంటిపిల్లల తల్లులంతా ఆమె నీడలోకి చేరి దుప్పట్లు పరిచేశారు. "ఓ చెల్లె, జర కదలకు, పిల్లగాడు ఇప్పుడే పండుకున్నడు" అంది ఒకామె. వనిత స్తంభంలా నిలబడి చెల్లెలు ఊగుతుంటే చూసింది.

జింకల పార్కులో ఇంకా సందడి. మబ్బును చూడగానే నెమలి పురి విప్పింది. చుక్కల జింకలు చెట్లు వదిలి కంచె దగ్గరికి పరుగున వచ్చి నీడలో సర్దుకున్నాయి. భూమిక కేరింతలు కొట్టింది. జనం ఫోన్లు పట్టుకుని ఎగబడ్డారు. "అమ్మా, జర ఇటు జరుగు, నెమలి మంచిగ పడ్తలే" అని ఒకరు, "అటు పోకు, జింకలు పోతయి" అని ఇంకొకరు. అందరూ చూశారు. జనం వెనక చిక్కుకుపోయిన వనితకు మాత్రం నెమలి ఈకల కొసలు తప్ప ఏమీ కనిపించలేదు.

"బాపు, నేను జింకల్ని చూడొచ్చిన్నా, జింకలకు గొడుగు పట్టొచ్చిన్నా?" అంది. కుమారస్వామి ఆమె చేయి పట్టుకుని జనంలోంచి బయటికి లాగాడు. "డ్యాము కాడ పడవ ఎక్కుదాం రా" అన్నాడు.

మానేరు డ్యాం దగ్గరికి రాగానే వనిత సీటునూ నెమలినీ అన్నీ మరిచిపోయింది. ఎటు చూసినా నీళ్ళే. గాలికి చున్నీ ఎగిరిపోతోంది. మబ్బు కూడా అంత నీటిని ఎన్నడూ చూడలేదేమో, అంచులు ముడుచుకుని ఆమె నెత్తికి అంటుకుపోయింది. వనిత అందరికంటే ముందు నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని పడవలోకి దూకి, ముందు వరుసలో కూర్చుంది. "అవ్వా, బాపు, జల్ది రాండ్రి!" అని తల్లికీ తండ్రికీ చేయి ఊపింది. భూమిక ఒక కాలు పడవ మీద పెట్టబోతోంది.

అప్పుడు, పడవ బయలుదేరుతుందని చెప్పడానికి, పడవ నడిపే అతను సైరన్ మోగించాడు.

ఓపెన్‌కాస్టు పక్కన కాపురం చేసేవాళ్ళకు సైరన్ అంటే ఒకటే అర్థం: బ్లాస్టింగ్. బాంబులు పేలతాయి, రాళ్ళు ఎగిరొస్తాయి, ఎక్కడున్నవాళ్ళు అక్కడే కప్పు కిందికి ఉరకాలి. ఆలోచించడానికి టైముండదు. కుమారస్వామి "బ్లాస్టింగ్!" అని కేక పెట్టి, ఒక చేత్తో భార్యను, ఇంకో చేత్తో భూమికను పట్టుకుని ఒడ్డు మీది రేకుల షెడ్డులోకి ఉరికాడు. కాలనీలో పెరిగిన మబ్బుకు మాత్రం వేరే అలవాటుంటుందా? అది వాళ్ళకంటే ముందే షెడ్డు చేరింది. వనిత లేవబోయేలోపే పడవ కదిలింది.

తేరుకుని వెనక్కి చూసేసరికి పడవ నీళ్ళ నడుమ ఉంది. వనిత అందులో ఉంది. ఆమె నెత్తి మీద ఏమీ లేదు.

"అయ్యో నా బిడ్డ!" అని అనసూర్య నీళ్ళ అంచుదాకా పరుగెత్తింది. మోటారు చప్పుడులో ఆమె కేక ఎవరికీ వినపడలేదు. వెనక్కి తిరిగి, మొండికేసిన బర్రెను అదిలించినట్టు మబ్బును అదిలించింది. "పోవే, పో! బిడ్డ కాడికి పో!" మబ్బు పోలేదు. కుమారస్వామి బట్టతల మీదికి దిగి, గడగడ వణుకుతూ నాలుగు చినుకులు రాల్చింది. "ఏం గాదు, ఏం గాదు" అన్నాడాయన. మబ్బుతో అన్నాడో, తనతోనే అనుకున్నాడో తెలియదు.

పడవలో వనిత మొదట మెడ మీద చురుక్కుమంటే చీమ అనుకుంది. చేత్తో తడుముకుంటే ఏమీ లేదు. చురుకు భుజాల మీదికి, చేతుల మీదికి పాకింది. భయంతో కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపు అలాగే కూర్చుంది. ఏమీ కాలేదు. ఒళ్ళంతా వెచ్చగా, హాయిగా ఉంది. మెల్లగా కళ్ళు తెరిస్తే నీళ్ళ మీద లక్ష అద్దం ముక్కలు మెరుస్తున్నాయి. ఎదురుగా పడవ చెక్క మీద జడ వేసుకున్న నల్లటి పిల్ల ఒకతి కూర్చుని ఉంది. వనిత చేయి ఎత్తింది. ఆ పిల్లా ఎత్తింది. వనిత జడ తిప్పింది. ఆ పిల్లా తిప్పింది. పద్దెనిమిదేళ్ళకు తన నీడను తాను చూసుకుని వనిత పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు. పడవలోని వాళ్ళంతా ఎందుకో తెలియకుండానే ఆమెతో పాటు నవ్వారు.

పడవ ఒడ్డుకు రాగానే అనసూర్య మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి బిడ్డను పట్టుకుంది. బుగ్గలు తడిమింది, చేతులు తడిమింది. ముఖమంతా ఎర్రగా కందిపోయి ఉంది.

"కాలిందా బిడ్డా?"

"కాలిందవ్వా. మస్తు కాలింది. ఇంకోపాలి పోదామా?"

మబ్బు జంకుతూ వనిత దగ్గరికి వచ్చింది. ఆమె చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి పోయి, కుమారస్వామి నెత్తి మీద కుదురుగా నిలబడింది. ఆయన ఇటు నడిచాడు, అదీ ఇటే నడిచింది. అటు నడిచాడు, అదీ అటే. ఎండలో నిలబడి, పడవలో తడిసిన చున్నీ పిండుకుంటున్న బిడ్డను చూస్తుంటే ఆయన కళ్ళు తడయ్యాయి.

"మావోళ్ళకు సద్ది తినేటప్పుడు నీడకు ఫికర్ లేదిగ" అన్నాడు భార్యతో. అనసూర్య కొంగుతో ముఖం తుడుచుకుంది.

లక్ష్మీరాజం ఆటో స్టార్ట్ చేశాడు. "తీగల వంతెనకే గదా అన్నా?"

"వంతెన యాడికి పోతది తమ్మీ. ఆడపిల్లల కాలేజీ యాడున్నదో గాడికి పోనియ్యి."

ఆదివారం కాబట్టి కాలేజీ గేటు మూసి ఉంది. వాచ్‌మన్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు. వనిత గేటు ఊచలు పట్టుకుని ఊపిరి బిగబట్టి లోపలికి చూసింది. హాస్టల్ డాబా మీద ఆడపిల్లలు ఎండలో నిలబడి నవ్వుకుంటూ బట్టలు ఆరేస్తున్నారు. అనసూర్య వాళ్ళను చాలాసేపు చూసింది. తర్వాత వాచ్‌మన్‌ను లేపింది.

"అన్నా, లోపలికి పోయి చూడాల్నంటె టికెట్ ఎంత?"

"చూసుటానికి గిదేమన్న పార్కా అమ్మా? లోపలికి రావాల్నంటె సీటు రావాలె."

వనిత నోరు తెరవబోయింది. అంతకంటే ముందే తల్లి అందుకుంది.

"వచ్చింది. నా బిడ్డకు వచ్చింది. రేపు పొద్దుగాల్నే తోలుకొస్త."