ముఖం మీదుగా సంతకం

నేను ఒక పాస్‌పోర్టు సైజు ఫోటోని. ఆరింటిలో అయిదోదాన్ని. నాలో ఉన్నది దమయంతి అనే పదిహేడేళ్ల అమ్మాయి. వెనక తెల్లగుడ్డ, రెండు చెవులూ కనబడుతూ, నవ్వకుండా. నవ్వకూడదని రూలట. ఆ రూలుకి దమయంతి పెద్దగా ఇబ్బంది పడలేదు.

నేను పుట్టింది బస్టాండు ఎదుట తవుడు గారి స్టూడియోలో. ఆ రోజు ఎక్కువ మాట్లాడింది దమయంతి కాదు, వాళ్లమ్మ నూకరత్నం. తవుడు కెమెరా ఎత్తిన ప్రతిసారీ ఆమెకి కొత్త భయం ఒకటి పుట్టేది.

“సెవులు రెండూ పడ్డాయా బాబూ? ఒకటి తక్కువైతే తిరగ్గొట్టేస్తారేటో.”

“పడ్డాయమ్మా. మూడోది ఉంటే అదీ పడిపోయేది.”

చివర్లో ఆమె సంచిలోంచి కాటుక డబ్బా తీసి, కూతురి బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టబోయింది. తవుడు ఆపాడు.

“ఒద్దమ్మా. ఫోటోలో పడితే పుట్టుమచ్చ అని రాసేస్తారు. రేపు ఆ మచ్చ ఏదమ్మా అంటే ఎక్కడ్నించి తెస్తావు?”

నూకరత్నం వేలు కొంగుకి తుడుచుకుంది. అలా నేను దిష్టిచుక్క లేకుండా పుట్టాను. ఆ సంగతి నేను మర్చిపోయినా ఆమె మర్చిపోలేదు.

మమ్మల్ని కత్తిరించి ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టారు. అందులో దమయంతి తండ్రి అప్పన్న పాత పాస్‌పోర్టు ఉంది. నలగకుండా ఉంటామని మా ఆరుగురినీ దాని పేజీల మధ్య దూర్చారు. నా ముఖానికి ఆయన ముఖం ఆనుకుని ఉండేది. ఆయన ముఖం మీద పెన్నుతో అడ్డంగా రెండు గీతలు కొట్టి ఉన్నాయి. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో నాకు అప్పటికి తెలియదు. ఆయనా నవ్వలేదు.

మనుషులు తాము ఫలానా దేశం వాళ్లమని ఎదురుగా నిలబడి చెబితే చాలదు. కాగితం చెప్పాలి. ఆ కాగితం మీద నేను ఉండాలి. నా మీద సంతకం ఉండాలి. దమయంతి మలేషియాలో, పామాయిలు తోటలో, పనివాళ్ల ఇళ్లలో పుట్టింది. అమ్మా నాన్నా ఇక్కడివాళ్లే. పిల్ల పుట్టిన ఏడాదిలోపు అక్కడున్న మన ఆఫీసులో పేరు రాయించాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. పిల్లకి మూడేళ్లప్పుడు పామాయిలు గెల మీదపడి అప్పన్న పోయాడు. నూకరత్నం ఏదో తాత్కాలిక కాగితం మీద పిల్లని తీసుకుని వచ్చేసింది. ఇక్కడే బడి, ఇక్కడే ఇంటరు. నర్సింగు సీటు దగ్గర అమ్మాయిది ఏ దేశమని అడిగారు. ఏ దేశమూ కాదని అప్పుడు తేలింది.

పద్దెనిమిది నిండేలోపు అయితే తల్లి సంతకంతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిండితే ఆ దారి మూసుకుపోతుందన్నారు. పుట్టినరోజు జూలై తొమ్మిది. నేను పుట్టింది మే నెలలో.

నూకరత్నం చదువు అయిదో తరగతి. సంతకం అక్షరం అక్షరం విడివిడిగా పెడుతుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా పిల్లని ఓడెక్కించి పంపేస్తారని ఆమె భయం. పాత క్యాలెండరు కాగితాల వెనక రోజూ నలభైసార్లు పెట్టి చూసుకునేది. నలభయ్యోది మొదటిదానిలా లేదని మళ్లీ మొదలుపెట్టేది.

మొదటిసారి మా పెద్దక్కా రెండో అక్కా వెళ్లారు. ఒకరు అసలు కాగితానికి, ఒకరు నకలుకి. జిల్లా ఆఫీసులో దాలినాయుడు అనే గుమస్తా చూసి కాగితం వెనక్కి తోశాడు.

“సంతకం ఫోటో కింద పెట్టేసేవేటమ్మా. సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడాలి. రేపెవరైనా ఫోటో మార్చేస్తే తెలియాలి గదా. కొత్త ఫారం రాసుకురా.”

జూన్‌లో మూడో అక్కా నాలుగో అక్కా వెళ్లారు. ఈసారి నూకరత్నం ఫోటోకి ఎడమవైపు కాగితం మీద ‘నూక’ అని రాసింది. పెన్ను ఎత్తి, ఫోటో దాటించి, కుడివైపు ‘రత్నం’ అని రాసింది. మధ్యలో అక్క మీద చుక్క సిరా పడలేదు. దాలినాయుడు చాలాసేపు చూశాడు.

“ఇది సంతకమా అమ్మా, రోడ్డుకి అటో ఇల్లూ ఇటో ఇల్లా?”

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నూకరత్నం నవ్వలేదు, దమయంతీ నవ్వలేదు. అక్కడ నవ్వకూడదని రూలేమీ లేదు మరి.

తిరుగు బస్సులో నేను కవరులోంచి విన్నాను.

“నీకు చేతకాకపోతే చెప్పమ్మా. నీ సంతకం నేనే పెట్టేస్తాను.”

“దొంగసంతకం. జైల్లో ఏస్తారు.”

“మరి నువ్వెందుకు పెట్టవు?”

“ఎడతాను లే.”

జూలై ఏడున మూడోసారి వెళ్లారు. ఇంకా రెండు రోజులుంది. ఇక మిగిలింది నేనూ చెల్లీ. మేం కూడా పాడైతే మళ్లీ స్టూడియో, మళ్లీ ఫారం, అంతలో తొమ్మిది వచ్చేస్తుంది. ఆ పొద్దున ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని దమయంతి మమ్మల్ని తీయడానికి తండ్రి పాస్‌పోర్టు తెరిచింది. నూకరత్నం ఆ పేజీ మీద చెయ్యి పెట్టింది.

“మీ నాన్న పోయిన రెండోనాడు ఈ పుస్తకం అక్కడి మన ఆఫీసుకి పట్టికెళ్లి ఇచ్చేను. కిటికీలో ఆఫీసరు నాకేసైనా సూళ్లేదు. పెన్ను తీసి ముఖం మీద ఇలాగోటి, ఇలాగోటి గీసేసి ఇచ్చేసేడు. అప్పటిదాకా నాకు ఆయన ఆసుపత్రిలో ఉన్నట్టే ఉండేదే. గీత పడ్డాకే పోయేడు.”

ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. గొంతు పెరగలేదు, తగ్గలేదు. “ఇప్పుడు నీ ముఖం మీద నన్నే గియ్యమంటన్నారు,” అంది.

పక్క గదిలో ఎవరో టైపు కొడుతున్నారు. దమయంతి నన్ను తీసి అమ్మకి చూపించింది.

“ముఖం మీద కాదమ్మా. ఇదిగో, ఈ కిందనుంచి, భుజం మీదుగా. నేను ఎదురుగా కూర్చుంటాను. నన్ను చూస్తూ పెట్టు.”

“నిన్ను సూస్తూ ఎడితే అచ్చరాలు వంకర పోవా.”

లోపల దాలినాయుడి బల్ల మీద జిగురు సీసా, వేలిముద్రల ఇంకు ప్యాడు ఉన్నాయి. దమయంతి జిగురు మూత తీసింది. నూకరత్నం నన్ను తన చేతిలోకి తీసుకుంది. బోర్లా తిప్పింది. చూపుడువేలు ప్యాడుకి అద్ది, నా వీపు మీద, దమయంతి బుగ్గ ఎక్కడుంటుందో వెతికి, అక్కడ ఒక చుక్క పెట్టింది. చెల్లికీ పెట్టింది.

“అదేటమ్మా. వేలిముద్ర కాదు, సంతకం,” అన్నాడు దాలినాయుడు.

“తెలుసు బాబూ. ఎనకాల గదా. అవుపడదు.”

అతను జిగురు సీసా కొంచెం ముందుకి జరిపాడు. చుక్క ఆరేదాకా ఊదింది నూకరత్నం. నాకు మాత్రం గుబులు. ఆ సిరా ఇవాళో రేపో ముందుకి ఊరితే? బుగ్గ మీద ఊదా మచ్చ తేలితే? తవుడు చెప్పింది నేనూ విన్నాను.

నన్ను అతికించారు. పెన్ను వచ్చింది. ‘నూ’ కాగితం మీద పడింది. ‘క’ దగ్గర నిబ్బు నా అంచు ఎక్కి ఆగింది. ఆ ఆగిన చోట ఇప్పటికీ సిరా కొంచెం లావుగా ఉంటుంది. తరవాత ‘ర’, తరవాత ‘త్నం’, దమయంతి భుజం మీదుగా. పూర్తిచేసి నూకరత్నం తలెత్తి ఎదురుగా కుర్చీలోకి చూసింది. దమయంతి కళ్లార్పింది. అప్పుడు చెల్లి మీద కూడా పెట్టింది.

దాలినాయుడు తేదీ వేశాడు. నంబరు వేశాడు. సీలు కొట్టాడు. రసీదు చింపి ఇచ్చాడు.

తరవాత పదకొండు నెలలు నేను ఫైలులో ఉన్నాను. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. నా మీద కాగితాలు, కింద కాగితాలు. వానాకాలం బీరువాలోకి చెమ్మ వచ్చింది. పక్క ఫైలులో ఒకాయన నుదుటి మీద పిన్ను తుప్పుపట్టింది. నేను చుక్క గురించే ఆలోచించాను.

ఒక రోజు ఫైలు తెరిచారు. బల్లకి అవతల దమయంతి నిలబడి ఉంది, చెయ్యి చాచి ప్రమాణం చదువుతోంది. జుట్టు కొంచెం కత్తిరించింది. ఆఫీసరు నన్ను చూశాడు, ఆమెని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. సరే అన్నాడు. ఈసారి సంతకం తనే పెట్టుకుంది, పద్దెనిమిది దాటింది కదా. ధ్రువపత్రం చేతికిచ్చారు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. తరవాతి పేరు పిలిచారు.

నూకరత్నం కదల్లేదు. “బాబూ, ఆ ఫోటో ఒకపాలి సూడనిస్తారా?” అంది. ఆఫీసరు ఫైలు ఆమె వైపు తిప్పాడు. ఆమె వంగి నా ఎడమ బుగ్గ చూసింది. కుడి బుగ్గ చూసింది. మళ్లీ ఎడమది చూసింది. ఏమీ ఊరలేదు.

“ఏం చూస్తున్నావమ్మా?” అని అడిగింది దమయంతి.

“సెవులు. రెండూ ఉన్నాయా అని.”

వాళ్లు వెళ్లిపోయారు. నన్ను మళ్లీ ఇనుప బీరువాలో పెట్టారు, ఇక తీయరనుకుంటాను. నా ముందు ఏముందో అందరూ చూశారు. నా వెనక ఏముందో నేను చూసుకోలేను, జిగురు కింద ఉంది. అయినా ఆ చోటు నాకు తెలుసు. బీరువా తలుపు పడ్డ ప్రతిసారీ అక్కడొక వేలు ఆనినట్టే ఉంటుంది.