మోగని కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని. ఇప్పుడు నన్ను అలా అనకూడదట, కళాఖండం అనాలట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మా ఊరి మునిసిపాలిటీలో పైడమ్మ చెత్తబండి తోసేది. చేతికి తొడుగులు లేకుండా చెత్త ఎత్తుతుంటే ఏదో సూది గుచ్చుకుంది. జ్వరమొచ్చి, పదిరోజుల్లో పోయింది. పెద్దకర్మ నాడు కూతురు అందరికీ గ్లాసులు పంచింది. అమ్మతో పద్నాలుగేళ్లు ఒకే బండి తోసిన అసిరమ్మకు మాత్రం నన్నిచ్చింది. నా మీద చుక్కల అక్షరాలతో 'పైడమ్మ జ్ఞాపకం' అని కొట్టించింది. అన్నం పెట్టుకునే ముందు అసిరమ్మ ఆ చుక్కలను ఒకసారి వేలితో తడిమేది.

తర్వాత సమ్మె వచ్చింది. తొడుగులివ్వాలి, పైడమ్మ కూతురికి పనివ్వాలి. ఆఫీసు గేటు ముందు నలభైమంది ఆడవాళ్లు గరిటెలతో కంచాలు కొట్టారు. నాది సన్నటి గొంతు, ఎంత గోలలోనైనా విడిగా వినిపించేది. ఆఫీసరు కిటికీ మూసుకుంటే అసిరమ్మ ఇంకా గట్టిగా కొట్టేది. పందొమ్మిది రోజులకు తొడుగులు వచ్చాయి. పైడమ్మ కూతురి పని మాత్రం 'చూద్దాం' దగ్గరే ఆగిపోయింది.

అప్పుడే నిరుపమ అనే చిత్రకారిణి వచ్చి, ప్రదర్శనకు కంచాలు కావాలని, నెల తిరగకుండా తెచ్చిస్తానని అడిగింది.

"పేరు జాగర్తమ్మా. నేను దాన్లోనే తింతాను," అంది అసిరమ్మ.

నిరుపమ సరేనంది. కానీ తను పనిచేసుకునే షెడ్డుకు మమ్మల్ని చేర్చాక మనసు మార్చుకుంది. ఎవరి పేరు కనిపిస్తే అది వాళ్లొక్కరి కథే అయిపోతుందని, అన్ని పేర్లూ అరగదీయించింది. నలభై కంచాల వెనకా జిగురు దట్టంగా పూసి, చెక్కకు అతికించింది. దాని కింద 'పేరు లేనివాళ్లు' అని రాసింది. ప్రారంభోత్సవంలో మాట్లాడుతూ కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. ఆవిడ చెడ్డది కాదు, అదే చిక్కు.

ఆవిడను అని ఏం లాభం? ఆ పేరు పోతున్నప్పుడు నాకూ బాధ కలగలేదు. అద్దంలా మెరిశానని మురిసిపోయాను. జనం నా ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటే, ఇన్నాళ్లూ ఎంగిలి మెతుకులతో ఎందుకు గడిపానా అనుకున్నాను.

నెల దాటాక అసిరమ్మ వచ్చింది, నడుముకు తొడుగులు దోపుకుని. ముట్టుకోకూడదన్నాడు కాపలాదారు.

"ఇందల నాదొకటుంది బాబూ. సూసుకుని పోతాను."

ఒక్కో కంచంలో పేరు వెతికింది. దేని మీదా లేదు. సొట్టలు చూద్దామంటే అన్నిటికీ ఉన్నాయి.

"మోగితే పోల్చుకుంతాను. ఒక్కపాలి తట్టనియ్యి బాబూ," అంది.

అతను అటు తిరిగి నిలబడ్డాడు. ఒక్కోదాన్ని వేలి కణుపుతో తడుతూ నా దగ్గరికి వచ్చింది. పేరున్న చోటే తట్టింది. కిటికీలు మూయించిన నా గొంతు చెక్కలోకి పోయి, పచ్చిమట్టి కుండలా 'తప్' మంది.

"ఇది కాదు. నాదైతే పలికీది," అని పక్కదాన్ని తట్టింది.

నలభై అయ్యాక ఖాళీ చేతులతో వెళ్లిపోయింది. తల దించుకుందామన్నా నాకు వీల్లేదు. వెనక జిగురు పట్టుకుని ఉంది.