సగం సినిమాకి రాసిన సమీక్ష

నేను ఒక నల్ల సిరాపెన్నును. రాజమండ్రిలో ఒక పెద్దాయన నన్ను యంత్రం మీద తిప్పి తిప్పి, నున్నగా చేసి, పాళీ బిగించాడు. నన్ను కొన్నది కాకినాడలో ఫిల్మ్ సొసైటీ నడిపే మాణిక్యాంబ. కొని, పత్రికలో సినిమా సమీక్షలు రాసే గంగాధరం చేతిలో పెట్టింది. మహానుభావుడు కళ్ళకద్దుకున్నాడు కూడాను!

ఆ ఏడే ఆవిడ ఒక ఇజ్రాయెల్ సినిమా తెప్పించింది. పరాయి దేశం నుంచి వచ్చిన నాయనమ్మకి పన్నెండేళ్ళ మనవరాలు అక్కడి భాష హీబ్రూ నేర్పుతుంది. ముసలావిడ తప్పు పలికినప్పుడల్లా వీధిలో అందరి ముందూ వెక్కిరిస్తుంది. హాల్లో ఒకటే నవ్వులు.

మాణిక్యాంబకి ఆ సినిమా ఆడపిల్లల కాలేజీలో వేయించాలని మహా ఆరాటం. ప్రిన్సిపాలమ్మేమో, "గంగాధరంగారు బాగుందని రాస్తేనే" అంది. రాయకపోతే రీళ్ళపెట్టె ఆదివారం సాయంత్రం బండికే తిరుగు ప్రయాణం.

ఆ దేశంవాళ్ళ సినిమాకి ఇంటర్వెల్ లేదట. మనవాళ్ళు ఊరుకుంటారా? సగంలో ఆపి లైట్లు వేశారు. గంగాధరం టీకని లేచి, అటునుంచటే పేకాటకి పోయాడు. జేబులో ఉన్నదాన్ని, నేనేం చెయ్యను?

మర్నాడు పొద్దున్నే నా చేత రాయించాడు: "ముసలామెను వెక్కిరించడమే హాస్యమనుకున్నారు. కంటతడి పెట్టించే ఘట్టం ఒక్కటీ లేదు."

ఆదివారం మధ్యాహ్నం ఆ పేపరు పట్టుకుని మాణిక్యాంబ వచ్చింది.

"ప్రిన్సిపాలమ్మ వద్దనేసిందండీ. పోనివ్వండి. ఆఖర్న ఆ పిల్ల ఏం చేసిందో చెప్పండి, అన్నయ్యగారూ."

"ఏముందమ్మా, మళ్ళీ వెక్కిరించింది."

"నాయనమ్మ సిగ్గుతో మాటే మానేసిందండీ. పిల్ల ఏడ్చి ఏడ్చి, ఆవిడ భాష నేర్చుకుని, తప్పులతడకగా పలకరించింది. అప్పుడు నవ్విందండీ ఆ ముసలావిడ. హాలంతా కళ్ళు తుడుచుకుంటోంది. నేనేమో మీరొస్తారని మీ కుర్చీలో నా సంచీ పెట్టి కాపలా కాశాను."

ఆవిడ పేపరు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడు గంగాధరం కాగితం తీశాడు. "నేను సగమే చూశాను. నా సమీక్ష తప్పు" అని రాశాడు. ఎంత కుదురుగా రాశాడనుకున్నారు! నాకు ప్రాణం లేచొచ్చింది. రెండుసార్లు చదువుకున్నాడు. "నలుగురూ ఏమనుకుంటారు?" అని గొణిగి, మడతపెట్టి సొరుగులో పడేశాడు. నన్నూ దానిమీదే పెట్టి మూసేశాడు. సాయంత్రం బండి కూత ఇక్కడికే వినిపించింది.

ఇన్నేళ్ళుగా ఇద్దరం ఇక్కడే ఉన్నాం, నేనూ ఆ కాగితమూ. ప్రిన్సిపాలమ్మ ఇల్లు ఎంతో దూరం కాదండీ, రెండు వీధుల అవతలే. చెప్పులేసుకుంటే చాలు.