పదకొండో ఉపవాసం

మొంజియా కూతురు ఎమ్నా నవ్వితే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. పెళ్ళిలో కూడా అంతే. నాబుల్ ఊళ్ళో పింగాణీ పలకల మీద బొమ్మలు వేసే కార్ఖానాలో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. అయినా ఆమె గొంతు ఎలా ఉంటుందో పక్క బల్ల వాళ్ళే సరిగ్గా చెప్పలేరు. గాడిద వెంట్రుకల కుంచె పట్టిందంటే మాత్రం గీత నూలుపోగంత పక్కకి పోయేది కాదు.

అలాంటి పిల్ల సంత నడిబొడ్డున బండెక్కి పాడుతోందని ఒక ఏప్రిల్ శుక్రవారం ఎవరో పరుగెత్తుకొచ్చి చెబితే మొంజియా నమ్మలేదు. పెరట్లో రాగి బట్టీ ముందు కూర్చుని నారింజపూల పన్నీరు దించుతోంది.

"ఇంకెవర్తినో చూసుంటావు. మా ఎమ్నాకి జోలపాట కూడా రాదు" అంది.

వచ్చినవాడు కదల్లేదు. అతని మొహం చూశాక ఆమె చేతిలోని గరిటె కింద పెట్టి లేచింది.

కూరగాయల బండి మీద జుట్టు విరబోసుకుని ఎమ్నా నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర గడ్డి పరిచిన బుట్ట, దాన్నిండా కార్ఖానా పళ్ళేలు. దారిన పోయేవాళ్ళని పిలిచి పిలిచి చేతుల్లో పెడుతోంది. గొంతు బొంగురుపోయింది. తల్లిని చూడగానే రెండు చేతులూ పైకెత్తింది.

"అమ్మా! వచ్చావా! సముద్రం అడుగంతా పలకలు పరుస్తానే! చేపలకి మాత్రం ఇల్లొద్దూ?"

జనం పకపకా నవ్వారు. ఒకడు చప్పట్లు కొట్టాడు. మొంజియా జనాన్ని తోసుకుంటూ బండి దగ్గరికి వెళ్ళింది. ఆ వారం రోజులూ ఇంట్లో జరిగింది అప్పుడు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చింది. కూతురు నాలుగు రోజులు కన్ను మూయలేదు. ఒక్కతే ఇల్లంతా సున్నం కొట్టింది, గదులన్నీ కడిగింది, గడగడా మాట్లాడింది. పిల్లకి ఇన్నాళ్ళకి హుషారొచ్చిందని తాను మురిసిపోయింది. ఎదురింటి నజాత్‌ని పిలిచి మరీ గోడలు చూపించింది.

ఆ హుషారు మూడు వారాలుంది. తర్వాత ఎవరో దీపం ఊదేసినట్టు ఎమ్నా మంచం పట్టింది. తల దువ్వుకోదు, స్నానం లేదు, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. "నేను లేకపోతే మీకు హాయి" అని ఒకరోజు చాలా మామూలుగా అంది. మొంజియా తాయెత్తు కట్టించింది, ధూపం వేయించింది. ఆ ఇంటి మేడ మీదే ఉండే అల్లుడు రిధా నాబుల్ నుంచి ట్యునిస్‌కి షేర్ టాక్సీ నడుపుతాడు. ఆ మాట విన్న మర్నాడు టాక్సీలో ఒక్క ప్రయాణికుణ్ణి కూడా ఎక్కించుకోకుండా భార్యనీ అత్తనీ కూర్చోబెట్టుకుని రాజధానిలో డాక్టర్ దలెందా దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ చాలాసేపు ఎమ్నాతో ఒంటరిగా మాట్లాడి, తర్వాత వీళ్ళని లోపలికి పిలిచింది.

"దీన్ని బైపోలార్ అంటారమ్మా. బండెక్కించిందీ ఇదే, మంచం దిగనివ్వనిదీ ఇదే. రెండు జబ్బులు కావు, ఒక్కటే."

"దెయ్యం కాదా?" అంది మొంజియా.

"ఎవరికైనా షుగరొస్తే దెయ్యమంటామా? ఇదీ అలాంటిదే. పూర్తిగా పోదు. కానీ మందు వేసుకుంటూ, వేళకి నిద్రపోతూ అందరిలాగే బతకొచ్చు."

మందు పేరు లిథియం. అదొక రకం లవణమని డాక్టరమ్మ చెబితే మొంజియా తెల్లబోయింది. తన బిడ్డని బండెక్కించినదాన్ని ఉప్పు దించుతుందా? మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించాలి, నీళ్ళు బాగా తాగాలి, ఎండలో జాగ్రత్త, రంజాన్‌లో ఉపవాసం కూడదు అని డాక్టరమ్మ వేళ్ళు మడుస్తూ చెప్పింది. చివరి మాట మొంజియా చెవిదాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడామెకి రంజాన్ ధ్యాసే లేదు.

ఉప్పు పనిచేసింది. నెమ్మదిగా ఎమ్నా లేచింది, కార్ఖానాకి వెళ్ళింది. ఆ మందుకి చెయ్యి మాత్రం సన్నగా వణికేది. గీతలు గీసే బల్ల నుంచి తానే లేచి, రంగులు నింపే బల్ల దగ్గరికి మారింది. "గీసేవాళ్ళు గీస్తారు, నేను నింపుతాను" అంది. ఇంటికొచ్చి ఏడ్చిందేమో మొంజియాకి తెలియదు. అడగలేదు.

అలా రెండేళ్ళు గడిచాయి. మధ్యలో వచ్చిన రంజాన్‌లు రెండూ తలుపులేసుకుని గుట్టుగా దాటించింది మొంజియా. ఆ ఏడు రంజాన్ జూన్‌లో వచ్చింది. పొద్దు చచ్చేదాకా పదహారు గంటలు. ఊరు పెనంలా కాలుతోంది.

రెండో రోజు నజాత్ పెద్ద గిన్నె అడగడానికొచ్చి, పెరట్లో ఎమ్నా నీళ్ళు తాగడం చూసింది.

"ఏం వదినా, ఉపవాసం లేదా? అమ్మాయికి ముట్టా?"

"అవును వదినా" అనేసింది మొంజియా.

ఎనిమిదో రోజు నజాత్ గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. అప్పుడూ ఎమ్నా చేతిలో గ్లాసుంది. నజాత్ గుమ్మంలోనే ఆగి బుగ్గన వేలేసుకుంది.

"నెలవంక సగం చందమామ అయిపోయింది, మీ అమ్మాయి ముట్టు మాత్రం తీరలేదమ్మా!"

మొంజియా మొహం కందిపోయింది. ఆవిడ వెళ్ళగానే తలుపు దబాలున వేసి కూతురి మీద పడింది.

"రెండేళ్ళయి నిక్షేపంలా ఉన్నావు. ఉపవాసం ఉంటే మనసు కడిగినట్టవుతుంది. నలుగురితో పాటు ఉండరాదూ?"

"డాక్టరు వద్దంది కదమ్మా."

"దేవుడికంటే డాక్టరెక్కువా?"

"రోగులు ఉండక్కర్లేదని దేవుడే అన్నాడు."

"నువ్వు రోగివా? నడుస్తున్నావు, తింటున్నావు, పని చేసుకుంటున్నావు. నువ్వు రోగివేంటే?"

ఎమ్నా తల్లి మొహంలోకి అదోలా చూసింది. చేతిలోని గ్లాసు తొట్టిలో వంచేసి, "సరే. రిధాకి చెప్పకు" అంది.

మర్నాటి నుంచి ఉపవాసం. రిధా తెల్లారకముందే టాక్సీ తీసుకుపోయి పొద్దుగూకే వేళకి వస్తాడు. ఉపవాసం విడిచి అందరూ కలిసి చోర్బా సూపు తాగేటప్పుడు ఎమ్నా మాత్ర వేసుకునేది. మొంజియా మనసు తేలికపడింది. నజాత్ ఎదురుపడితే తలెత్తుకుని పలకరించింది.

పదకొండో ఉపవాసం నాడు ఎమ్నా మధ్యాహ్నం రెండింటికే కార్ఖానా నుంచి వచ్చేసింది. గుమ్మంలో తాళంచెవి పట్టుకోలేక జారవిడిచింది. చేతులు సన్నగా కాదు, జల్లెడ పట్టినట్టు ఊగుతున్నాయి. నడవా గోడకి భుజం కొట్టుకుంటూ, తాగినవాడిలా తూలుతూ వచ్చి మెట్ల మీద కూలబడింది. పొద్దున రెండుసార్లు కక్కుకుందని మొంజియాకి తెలుసు. ఎండ దెబ్బ అనుకుంది. ఇప్పుడా కళ్ళు చూసి భుజాలు పట్టి కుదిపింది.

"మాత్ర మానేశావా? ఏమే, నిజం చెప్పు!"

ఎమ్నా నాలుక మందంగా తిరిగింది. "నీ... నీళ్ళు" అంది. ఇంకోసారి, "నీళ్ళమ్మా..."

మొంజియాకి సంత గుర్తొచ్చింది. మళ్ళీ సముద్రమే! మళ్ళీ ఆ బండి, ఆ నవ్వులు! ముందు వీధి తలుపు గడియ వేసింది, ఎవరూ చూడకుండా. గబగబా మేడెక్కి మాత్రల డబ్బా తెచ్చింది. ఒకటి చాలదనుకుని రెండు తీసింది. ఎమ్నా మొహం పక్కకి తిప్పుకుంది. చిన్నప్పుడు ఆముదం పట్టినట్టే దవడ నొక్కి పట్టి, మాత్రలు నోట్లో వేసి, ఒక్క గుక్క నీళ్ళు పోసింది. "ఉపవాసం చెడిన పాపం నాకే రానీ" అనుకుంది. ఎమ్నా గ్లాసుకేసి చెయ్యి చాచింది. మొంజియా గ్లాసు తీసి దూరంగా పెట్టేసింది.

తర్వాత రిధాకి ఫోన్ చేసింది. "మళ్ళీ వచ్చింది నాయనా" అని బావురుమంది.

రిధా ఇంకా దారిలోనే ఉన్నాడు. అతను చెప్పగా డాక్టర్ దలెందాయే నేరుగా మొంజియాకి ఫోన్ చేసింది.

"ఎలా ఉందమ్మా? పాడుతోందా? గబగబా మాట్లాడుతోందా?"

"లేదు. నాలుక తిరగట్లేదు. తూలుతోంది. చేతులు ఊగిపోతున్నాయి."

"ఇవాళ నీళ్ళెన్ని తాగింది?"

"ఉపవాసం మేడం."



"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండు రోజులు."

"మాత్ర ఎప్పుడు వేసుకుంది?"

"ఇప్పుడే నేనే వేశానమ్మా. జబ్బు తిరగబెట్టిందని... రెండు."

"విను. జాగ్రత్తగా విను. జబ్బు తిరగబెట్టలేదు. ఒంట్లో నీళ్ళు లేక ఆ మందు బయటికి పోవట్లేదు, పేరుకుపోయి విషమైంది. ఇంకొక్కటి కూడా ఇవ్వకు. ఈ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళు. నేను వాళ్ళకి చెబుతున్నా. వెళ్ళు!"

మొంజియా తన కుడిచేతిని చూసుకుంది. బొటనవేలికి మాత్రల తెల్లపొడి అంటుకుని ఉంది. మెట్ల మీద ఎమ్నా కళ్ళు తేలేస్తోంది. ఎలా లేచిందో, గడియ ఎలా తీసిందో ఆమెకే తెలియదు. వీధిలోకి వచ్చి, ఏ ఇంటికి వినబడకూడదని తలుపు వేసిందో ఆ ఇంటికేసే తిరిగి అరిచింది.

"నజాత్! నా బిడ్డని నేను చంపేశానే! నజాత్!"

నజాత్ చెప్పుల్లేకుండా వచ్చింది. ఒక్క ప్రశ్న వేయలేదు. ఎమ్నా చంకల కింద చేతులేసి ఎత్తింది. "కాళ్ళు పట్టుకో వదినా, ఏడుపు తర్వాత!" అని గద్దించింది. వీధి చివర నిలబడ్డ చేపల వ్యానుని ఆపి ఎక్కించింది. దారి పొడుగునా ఎమ్నా తలని తన ఒళ్ళోనే పెట్టుకుంది.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. అది చాలక రక్తాన్ని యంత్రంలోకి ఎక్కించి శుభ్రం చేశారు. రిధా వచ్చి వరండాలో అత్త పక్కన కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది, అరిస్తే బాగుండనుకుంది. అతను నేలకేసి చూస్తూ అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదత్తా?"

మొంజియా బొటనవేలికంటిన తెల్లపొడిని కొంగుతో తుడుస్తూనే ఉంది.

మూడో రోజుకి ఎమ్నాకి పూర్తిగా తెలివొచ్చింది. నాలుగో రోజు దిండుకి ఆనుకుని కూర్చుంది. మూత్రపిండాలకి కాస్త దెబ్బ తగిలిందని, మందు మార్చాలని డాక్టర్లన్నారు. తల్లీ కూతుళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు ఎమ్నా మెల్లగా అడిగింది.

"నీళ్ళడిగాను. ఎందుకివ్వలేదు?"

"సముద్రం సంగతి అనుకున్నాను తల్లీ."

"సముద్రమన్నానా?"

"అనలేదు."

"దాహమేసి నీళ్ళడిగితే దాహమని కూడా అనిపించలేదా అమ్మా? నేనేం మాట్లాడినా జబ్బే మాట్లాడుతున్నట్టా?"

మొంజియా కొంగుతో మొహం కప్పుకుంది. "నేను ముసలిదాన్ని, తెలివితక్కువదాన్ని, నిన్ను ఉపవాసం ఉండమని..."

"నీ వల్ల కాదులే. ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. డాక్టరు నాకు విడిగా అన్నీ చెప్పింది."

మొంజియా కొంగు దించింది. "తెలిసే ఉన్నావా?"

"నువ్వు రోగివేంటే అన్నావు చూడు. రెండేళ్ళలో నాతో ఆ మాట ఎవ్వరూ అనలేదు." ఎమ్నా కిటికీ వైపు తిరిగింది. "ఇంకా కొన్నాళ్ళు ఆ మాట నిజమనిపించుకుందామని ఉపవాసం ఉన్నాను."

 ఆరోజు మొంజియా ఆ మాట అన్నది కూతురి కోసం కాదు, గుమ్మంలో ఎత్తిపొడిచి వెళ్ళిన నజాత్ కోసం. ఆ సంగతి నోటిదాకా వచ్చింది కానీ చెప్పలేకపోయింది.

ఇంటికొచ్చేసరికి రంజాన్ ఇంకా నాలుగైదు రోజులుంది. మిట్టమధ్యాహ్నం మొంజియా పెరట్లో కూతురి ముందు రొట్టే, సొర్రచేప ముక్కా, నీళ్ళ కూజా పెట్టింది. వీధి తలుపు బార్లా తీసి ఉంచింది. నజాత్ పరామర్శకి వస్తే, కూర్చోబెట్టి తానే మొదలుపెట్టింది.

"ముట్టు కాదు వదినా. అబద్ధం చెప్పాను. పిల్లకి జబ్బుంది. మనసుకి సంబంధించింది. ఉపవాసం ఉండకూడదు, ఇక ఉండదు."

నజాత్ ఆమెని వింతగా చూసింది.

"తెలియకేం వదినా? ఆవేళ సంతలో నేనూ ఉన్నానుగా. ఊరంతా ఉంది."

మొంజియా బార్లా తీసిన తలుపుకేసి చూసింది. రెండేళ్ళు! ఎవరికి తెలియకూడదని తలుపులేసుకుని కూర్చుందో, ఆ ఊరంతటికీ మొదటి రోజు నుంచే తెలుసు.

"మరి ముట్టా ముట్టా అని నా ప్రాణం తీశావేం?"

"నువ్వు నోరు విప్పుతావేమోనని. రెండేళ్ళు చూశా. చివరికి వేళాకోళం చేశా. నా నాలుక పడిపోనూ, ఇంతదాకా వస్తుందనుకోలేదు" అని నజాత్ కళ్ళొత్తుకుంది.

ఎమ్నా రొట్టె తుంచుకుంటూ, "మీ ఇద్దరూ ఏడిస్తే నేను తినేదెలా?" అంది.

కొత్త మందుతో ఎమ్నా కాస్త ఒళ్ళు చేసింది. పొద్దున్నే లేవడం కష్టమైంది. చెయ్యి వణుకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. కోపాలూ వచ్చేవి. ఒకరోజు రంగుల సీసాలు సర్దినందుకు తల్లి మీద ఇల్లెగిరిపోయేలా అరిచింది. జబ్బు తిరగబెట్టిందని మొంజియా భయపడింది. రిధా చల్లగా, "నా సామాను ముడితే నేనూ అరుస్తానత్తా" అన్నాడు. నిజమే కదా అనుకుని, మొంజియా కూడా తిరిగి అరిచింది. ఆ సాయంత్రం దాకా తల్లీ కూతుళ్ళకి మాటల్లేవు.

చలికాలంలో ఒక ఉదయం ఎమ్నా మేడ దిగి వచ్చి, కాఫీ కలుపుతున్న తల్లి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, రెండ్రోజులుగా మూడేసి గంటలే నిద్ర. అయినా అలసట లేదు. ఎగిరిపోతున్నట్టు చాలా హాయిగా ఉంది. అదే భయంగా ఉంది."

మొంజియా చెంచా కింద పెట్టింది. ఒళ్ళు వెచ్చగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది ఎమ్నా. ఆ మాట అలా చెప్పొచ్చని మొంజియాకి ఎప్పుడూ తోచలేదు. రిధా అప్పటికే టాక్సీ తాళాలు తీసుకున్నాడు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే వెంటనే రమ్మంది.

"నేనూ రానా?" అని మొంజియా బెదురుగా అడిగింది.

ఎమ్నా ఆలోచించింది.

"రా. కానీ డాక్టరు గదిలో నేను మాట్లాడతాను. నువ్వు మాట్లాడకు."

మొంజియా తలాడించి, శాలువా కోసం లోపలికి పరుగెత్తింది.